కప్పకు మొదటి బహుమతి

మా ఆఫీసు ఆరో అంతస్తు క్యాంటీన్‌లో కాఫీ మిషన్ పక్క గోడకి రెండు ఫొటోలు వేలాడుతుంటాయి. ఎడమవైపు ఆగుంబె వాన అడవిలో తీసిన కప్ప. కుడివైపు గచ్చిబౌలి తుప్పల్లో తీసిన జింక. 2025 జనవరిలో ఉద్యోగులకి పెట్టిన వన్యప్రాణుల ఫొటో పోటీలో కప్పకి మొదటి బహుమతి, జింకకి ప్రోత్సాహక బహుమతి వచ్చాయి. ముగ్గురు జడ్జీల్లో నేనొకణ్ణి. కప్పకి పదికి తొమ్మిది వేశాను. జింకకి అయిదు. ఆ అయిదులో కూడా ఒక మార్కు జాలిది.

రెండు నెలలు తిరిగేసరికి ఉగాది వచ్చింది. ఆ ఉగాదికి గచ్చిబౌలి తుప్పల్లోకి జేసీబీలు దిగిన సంగతి హైదరాబాద్‌లో తెలియనివాళ్ళు లేరు. అప్పట్నుంచి కాఫీ పట్టుకుని ఆ గోడ ముందు నిలబడ్డ ప్రతిసారీ నేను వేసిన మార్కులు నాకే అనుమానంగా కనిపిస్తున్నాయి. ఎక్కడ తేడా వచ్చిందో తేల్చుకుందామని రెండు ఫొటోల్నీ మళ్ళీ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. కప్పని కిందికి దించి జింకని పైకెక్కించడం నా ఉద్దేశం కాదు. అంత తేలికైన లెక్కయితే ఈ వ్యాసం అక్కర్లేదు.

ఎడమ ఫొటో

అది మలబార్ గ్లైడింగ్ కప్ప. చెట్టు మీంచి చెట్టు మీదికి కాలివేళ్ళ మధ్య పొరల్ని గొడుగులా విప్పి జారే రకం. సన్నటి కాడని నాలుగు కాళ్ళతో పట్టుకుని, కెమెరా వైపు ఓ పిసరు తల తిప్పి కూచుంది. వీపు లేత అరటాకు రంగు. వేళ్ళ మధ్య పొర నారింజ ఎరుపులో, లోపల దీపం పెట్టినట్టు వెలుగుతోంది. వీపు మీద వాన చుక్కలు ఏడో ఎనిమిదో; ఒక్కటీ ఫోకస్ తప్పలేదు. వెనక అంతా చిక్కటి నలుపు. ప్రింటు ముందు నిలబడితే ముట్టుకోవాలనిపిస్తుంది.

దీని వెనక పడ్డ పాట్లు నాకు తెలుసు. సైబరాబాద్‌లో నాలుగు రోజుల సెలవంటే మూడు నెలల ముందునుంచీ మేనేజరుతో బేరం. ప్రాజెక్టు రిలీజు ఒక వారం జరిగిందా, టికెట్లు గోవిందా. శంషాబాద్ నుంచి మంగళూరు దాకా విమానం, అక్కణ్ణుంచి ఉడిపి, హెబ్రి దాటి, గుండ్రంగా తిరిగే ఘాట్ రోడ్డెక్కితే ఆగుంబె. తెలుగువాళ్ళలో చాలామందికి ఆ ఊరు శంకర్ నాగ్ తీసిన ‘మాల్గుడి డేస్’ సీరియల్ ఊరుగా గుర్తు. కెమెరా పట్టినవాళ్ళకి మాత్రం అది కప్పల ఊరు, రాచనాగుల ఊరు. పాముల నిపుణుడు రోములస్ విటేకర్ 2005లో అక్కడ వాన అడవి పరిశోధన కేంద్రం పెట్టాక ఆ పేరు మరింత పాకింది. హైదరాబాద్‌లో ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడితే మంచి ఏడు అంటాం. ఆగుంబెలో 7,000 దాటుతుంది. ఆ వానలో జలగలకి మోకాళ్ళ దాకా మేజోళ్ళు, కెమెరాకి ప్లాస్టిక్ తొడుగు, సంచిలో సిలికా జెల్ పొట్లాలు. గదిలోంచి బయటికి తీయగానే లెన్సు మీద ఆవిరి పట్టి అరగంట ఏమీ కనపడదు. ఇన్ని దాటుకుని వచ్చిన ఫొటో అది. తొమ్మిది మార్కులు ఊరికే వెయ్యలేదు.

ఇప్పుడు ఆ నలుపు సంగతి. వాన అడవిలో చెట్ల పైకప్పు మీద పడే వెలుతురులో నేలకి దిగేది నూటికి ఒకటి రెండు పాళ్ళే. మిట్టమధ్యాహ్నం కూడా కెమెరాకి మునిమాపే. ఇక రాత్రి సంగతి చెప్పేదేముంది! అందుకని జంట ఫ్లాష్ వాడతారు. ఆ ఫొటో సెట్టింగులు కింద చీటీ మీద ఉన్నాయి: 100 ఎం.ఎం. మాక్రో లెన్సు, ఎఫ్ 11, సెకనులో 200వ వంతు, ఐ.ఎస్.ఓ. 400. ఈ లెక్కకి ఫ్లాష్ వెలుగు తప్ప మరే వెలుగూ సెన్సార్ మీద ఆనదు. ఫ్లాష్ వెలుగు దూరం రెట్టింపయితే నాలుగో వంతుకి పడిపోతుంది. కప్ప జానెడు దూరంలో ఉంది కాబట్టి మెరిసింది. దాని వెనక రెండు గజాల్లో ఉన్న అడవి అంతా నల్లగా మునిగిపోయింది. కప్ప కంట్లో రెండు తెల్ల చుక్కలు కనిపిస్తాయి. వెన్నెల కాదు, ఆ జంట ఫ్లాష్ ప్రతిబింబాలే అవి.

విమర్శ చెయ్యాల్సింది ఇక్కడే. వాన అడవి అంటేనే ఇరుకు. చెట్టు మీద చెట్టు, దాని మీద నాచు, నాచులో ఫెర్ను, అన్నిటినీ చుట్టేసిన తీగ. ఏ ప్రాణీ ఖాళీ స్థలంలో ఉండదు. ఈ ఫొటో చేసిన మొదటి పని ఆ ఇరుకుని తుడిచెయ్యడం. మిగిలింది నగల దుకాణం పద్ధతి: నల్ల మఖమల్ గుడ్డ మీద ఒక పచ్చ రాయి. ఈ కప్పని గాజు పెట్టెలో పెట్టి మాదాపూర్‌లో తీసినా ఇలాగే వచ్చేది.

రెండో సంగతి, కప్ప అక్కడేం చేస్తోంది? ఏడాదిలో ఎక్కువ కాలం చెట్ల కొమ్మల్లో పైనే ఉండే జీవి అది. వానాకాలంలో కిందికి దిగేది సంతానం కోసం. నీటి గుంట మీదికి వంగిన ఆకులమీద కాళ్ళతో మజ్జిగ చిలికినట్టు చిలికి నురగ గూడు కడుతుంది. గుడ్లు ఆ నురగలో పొదిగి, తోకకప్పలు టపటపా కింద నీళ్ళలోకి రాలతాయి. ఆ రాత్రి కథంతా అదే. ఫొటోలో నీరు లేదు, నురగ లేదు, పక్క కప్ప లేదు. వాన కూడా వీపు మీద ముత్యాలై పోయింది. చీటీ మీద శీర్షిక ‘అడవి అందగాడు’.

ఇంత గట్టిగా మాట్లాడే హక్కు నాకు లేదని కూడా చెప్పుకోవాలి. పశ్చిమ కనుమల్లో ఒక హోమ్‌స్టే వాళ్ళు పెట్టిన రాత్రి నడకకి నేనూ వెళ్ళాను. తొమ్మిదిమందిమి, తొమ్మిది టార్చిలు. కప్ప ఆకు చాటున ఉంది. వెనకనుంచి ఎవరో “బ్యాక్‌గ్రౌండ్ బాలేదు భయ్యా” అన్నారు. గైడు రెండు వేళ్ళతో దాన్ని ఎత్తి శుభ్రమైన కాడ మీద పెట్టాడు. కప్ప చర్మంతో కూడా ఊపిరి తీసుకుంటుంది. మన చేతికి ఉన్న ఉప్పు, దోమల మందు దానికి విషంతో సమానం. అది అప్పటికే నాకు తెలుసు. అయినా వరసలో నిలబడి నా వంతు రాగానే నొక్కాను. తొమ్మిదిమందికీ ఒకే ఫొటో వచ్చింది. నా హార్డ్‌డిస్కులో ఇప్పటికీ ఉంది, వెనక అంతా నలుపు.

కుడి ఫొటో

చుక్కల దుప్పి. చలికాలం పొద్దున ఏడింటి వెలుతురు. జంతువు ఫొటోలో పదోవంతు కూడా లేదు. తల వంచి గడ్డి మేస్తోంది, ఒక గడ్డి పోచ సరిగ్గా కంటికి అడ్డం పడింది. చుట్టూ ఆకు రాలిన సీతాఫలం తుప్పలు, లాంటానా, ఒక గుండ్రాయి. వెనక పొగమంచులో సగం కట్టిన అద్దాల భవనం, దాని మీద క్రేను. ఐ.ఎస్.ఓ. 3200 దాకా లాగడంతో ఫొటో అంతా ఇసక చల్లినట్టుంది. నేల గీత ఎడమకి వాలింది.

నేను తగ్గించిన మార్కులకి కారణాలు ఇప్పటికీ చెల్లుతాయి. పైగా ఇంకొకటి చేరుస్తాను. ‘జింక వెనక భవనం’ అనేది హైదరాబాద్‌లో అరిగిపోయిన ఎత్తుగడ. పత్రికల్లో నెమలి వెనక మెట్రో, కొంగ వెనక ఐటీ టవరు ఎన్నిసార్లు చూశాం! చూసేవాడు తనంతట తాను ఆలోచించాల్సింది ఫొటోయే ముందు చెప్పేస్తుంది. కప్ప ఫొటో అందాన్ని వడ్డించింది, ఇది నీతిని వడ్డించింది. రెండూ ఆకులో వేసి ఇచ్చినవే.

కానీ కుడి ఫొటోలో ఉండి ఎడమ ఫొటోలో లేనివి రెండున్నాయి. ఒకటి చోటు. ఆ గుండ్రాయిని పట్టుకుని నేను ఆ చోటికి నడిచి వెళ్ళగలను. దక్కన్ పీఠభూమి గ్రానైటుకి రెండున్నర వందల కోట్ల ఏళ్ళు. అటువంటి రాయి కదలదు, అబద్ధం చెప్పదు. రెండోది చీటీ. తీసినామె మా అకౌంట్స్‌లో పనిచేసే అక్క. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చదువుకుంది, ఆదివారాలు ఆ పరిసరాల్లోనే నడుస్తుంది. శీర్షిక బదులు తేదీ, సమయం, ‘బఫెలో లేక్ దగ్గర, మగది, ఒంటరిగా’ అని రాసి ఇచ్చింది. ఇది ఫొటో శీర్షికలా లేదు, డైరీలా ఉందని నేనే నవ్వాను.

చివరికి రెండు ఫొటోలూ రెండు వేరు వాక్యాలు పలుకుతున్నాయి. ఎడమది ‘నేను చూశాను’ అంటోంది. కుడిది ‘ఇది ఇక్కడ ఉంది’ అంటోంది. మొదటి వాక్యానికి కర్త ఫొటోగ్రాఫర్. రెండో వాక్యానికి కర్త జింక.

పాత గోడ

ఈ రెండు వాక్యాలూ కొత్తవేం కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్‌కి సికింద్రాబాద్‌లో స్టూడియో ఉండేది. గాజు పలకల మీద ఆయన తీసిన కోటలు, దర్బార్ల సొగసుని ఇవాళ్టి కెమెరాలు కూడా అందుకోలేవు. 1902లో వైస్రాయ్ కర్జన్ వరంగల్ వైపు వేటకొచ్చినప్పుడు తీసిన ఫొటో ఆయన పనుల్లో బాగా పేరున్నది. లార్డ్ కర్జన్, లేడీ కర్జన్, వాళ్ళ ముందు నేల మీద చచ్చిన పులి. ఫొటోగ్రఫీగా లోపం ఎంచలేం. మనుషులు, తుపాకీ, జంతువు అన్నీ వాటి వాటి చోట్లలో కుదిరాయి. అందులో కనపడనిది అడవి. పులి అప్పటిదాకా ఎక్కడుంది, ఏ వాగు పక్క పడుకుంది, ఆ ఫొటోకి పట్టదు. ‘మేము కొట్టాం’ అన్నంత వరకే దాని పని.

మన సెలవు ఫొటోల భాష ఆ గోడ మీంచే దిగింది. ‘షూట్’ అంటాం. ‘టైగర్ పడిందా?’ అని అడుగుతాం. మొదటిసారి చూసిన పిట్టని ‘లైఫర్’ అని లెక్కలో వేసుకుంటాం. తుపాకీ పోయి లెన్సు వచ్చింది, అది గొప్ప మేలే. పులి లేచి నడిచి వెళ్ళిపోతుంది. ఫొటో కట్టు మాత్రం మారలేదు. జంతువు మధ్యలో, స్పష్టంగా, ఫ్రేము నిండా, ఎక్కడిదో తెలియకుండా.

కర్జన్ ఫొటోకి పాతికేళ్ళలోపే మన దేశంలో మరో దారి కూడా పడింది. యునైటెడ్ ప్రావిన్సెస్ అడవిశాఖలో పనిచేసిన ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్ జంతువులు నడిచే బాటకి అడ్డంగా తీగ కట్టి, దానికి ఫ్లాష్‌నీ కెమెరానీ తగిలించాడు. రాత్రి పులి నడుస్తూ తీగ తొక్కితే దాని ఫొటో అదే దిగుతుంది. 1927లో ఆ ఫొటోలతో పుస్తకం వేశాడు. ఇవాళ అమ్రాబాద్, కవ్వాల్ పులుల అడవుల్లో చెట్లకి కట్టిన కెమెరా ట్రాప్‌లు ఆ తీగకి మునిమనవలు. వాటిలో దిగే ఫొటోలు చూస్తే మా పోటీలో రెండు మార్కులు కూడా రావు. తోక తెగి ఉంటుంది, సగం ఒళ్ళు కాలిపోయినట్టు తెల్లగా ఉంటుంది, మూల తేదీ గడియారం ఉంటుంది. అయినా పక్కటెముకల మీద చారల్ని పోల్చి ఏ పులి ఏదో చెబుతారు. దేశంలో పులుల లెక్క నిలబడేది వాటి మీదే. ఎవరి గోడకీ ఎక్కని ఆ ఫొటోలు పులి ఉందని చెబుతాయి. గోడలకి ఎక్కిన మన ఫొటోలు మనం వెళ్ళామని చెబుతాయి.

దూరం తప్పు కాదు

ఇక్కడ ఆపేస్తే దగ్గరి ఫొటో మంచిది, దూరం వెళ్ళి తీసింది డాబు అని తేలుతుంది. అది నిజం కాదు. ‘ఇది ఇక్కడ ఉంది’ అనే వాక్యాన్ని అందరికన్నా గట్టిగా పలికినవి వాన అడవి ఫొటోలే.

1999, 2000 సంవత్సరాల్లో మైక్ ఫే అనే జీవశాస్త్రవేత్త మధ్య ఆఫ్రికా వాన అడవుల గుండా 456 రోజులు నడిచాడు. మైకేల్ నికోల్స్ ఆ నడకలో కొంతమేర కలిసి ఫొటోలు తీశాడు. గాబన్ అధ్యక్షుడు ఒమర్ బొంగోకి ఆ ఫొటోలు చూపించారు. తన దేశంలో ఇలాంటి అడవి ఉందని ఆయన చూసింది అప్పుడే. 2002లో గాబన్ 13 జాతీయ పార్కులు ప్రకటించింది. టిమ్ లామన్ మరో ఉదాహరణ. న్యూగినీ వైపు అడవుల్లో బర్డ్స్ ఆఫ్ పారడైజ్ అనే పిట్టల్లో అప్పటికి లెక్కకొచ్చిన 39 జాతుల్నీ ఫొటో తియ్యడానికి ఆయనకీ పక్షిశాస్త్రవేత్త ఎడ్విన్ షోల్స్‌కీ ఎనిమిదేళ్ళు, 18 యాత్రలు పట్టాయి. లామన్‌కే 2016లో వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ బహుమతి తెచ్చిన ఫొటో బోర్నియోలోది. అడవి కప్పుని మించి లేచిన చెట్టుకి చుట్టుకున్న మర్రి జాతి తీగ మీద ఒరాంగుటాన్ పాకుతూ పైకొస్తోంది. లామన్ మూడు రోజులపాటు తాడు పట్టుకుని చెట్టెక్కి దిగి, చిన్న గోప్రో కెమెరాలు అమర్చి, కింద నిలబడి రిమోటుతో నొక్కాడు. ఆ ఫొటోలో ఒరాంగుటాన్ మొహం ఎంత కనపడుతుందో కింద అడవి అంత కనపడుతుంది. వెనక నలుపు లేదు. ఎంత ఎత్తో, ఎంత ఇరుకో, పడితే ఏమవుతుందో అన్నీ ఒక్క ఫ్రేములో ఉన్నాయి.

అంటే తేడా దూరంలో లేదు, ఎన్నిసార్లు తిరిగి వెళ్ళామన్న దాంట్లో ఉంది. నాలుగు రోజుల సెలవులో ఒక అడవిని చూడటం తప్పు కాదు. నాలుగు రోజుల చూపుకి సరిపడ్డ వినయం ఫొటోలో ఉందా అన్నదే ప్రశ్న. ఇంటి పక్క ఫొటోలకి ఆ వినయం దానంతట అది రాదు. మా ఐటీ కారిడార్ పక్కనే అమీన్‌పూర్ చెరువు ఉంది. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో ఒక జలాశయానికి ఆ హోదా రావడం అదే మొదలు. అక్కడ ఆదివారం పొద్దున వెళ్ళి చూడండి, గూట్లో పిల్లలున్న పిట్టకి ఊపిరాడకుండా లెన్సులు ఎలా చుట్టుముడతాయో! నడిచి వెళ్ళగలిగే దూరంలో కూడా వేట వేటే.

ఉగాది సెలవులు

2025లో ఉగాది ఆదివారం, మార్చి 30న వచ్చింది. మర్నాడు రంజాన్. ఐటీ కారిడార్‌లో ఇంకో రోజు సెలవు కలుపుకున్నవాళ్ళకి అది నాలుగు రోజుల యాత్ర. నాతో పనిచేసేవాళ్ళలో ఒకరు వాల్పారైలో సింహం తోక కోతుల కోసం, ఒకరు మారేడుమిల్లిలో హార్న్‌బిల్ కోసం తిరుగుతున్నారు. అదే ఉగాది రోజు యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి జేసీబీలు దిగాయి. కోర్టుల్లో ఏళ్ళ తరబడి నడిచిన వివాదంలో ప్రభుత్వం గెలవడంతో ఆ భూమి రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ టీజీఐఐసీ చేతికొచ్చింది. ఐటీ పార్కుల కోసం చదును చెయ్యడం మొదలైంది. రికార్డుల్లో అది అటవీ భూమి కాదన్నది ప్రభుత్వ వాదన.

ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తాను ఈ విషయం చేపట్టింది. హైకోర్టు రిజిస్ట్రార్‌ని వెళ్ళి చూసి రమ్మంది. ఆయన అదే రోజు నివేదిక ఇచ్చాడు: యంత్రాలు, దాదాపు 100 ఎకరాల్లో కూల్చిన చెట్లు, నెమళ్ళు, జింకలు. పనులు ఆగిపోయాయి. సెలవు రోజుల్లో అంత తొందరేమిటని కోర్టు అడిగింది. తర్వాతి విచారణలో, తలదాచుకోడానికి పరుగెత్తే జంతువుల్ని వీధికుక్కలు కరుస్తున్న వీడియోల గురించి కూడా మాట్లాడింది.

ఆ వారమే మూడో రకం ఫొటో వచ్చింది. ఏఐతో చేసిన బొమ్మలు. జేసీబీల ముందు పరుగెత్తే జింకలు, రెక్కలు విప్పి ఏడ్చే నెమళ్ళు. జనాన్ని తప్పుదోవ పట్టించారని కేసులయ్యాయి. అలాంటి బొమ్మని తిరిగి పంచుకున్నందుకు ఒక సీనియర్ ఐఏఎస్ అధికారికి కూడా పోలీసు నోటీసు వెళ్ళింది. చేసినవాళ్ళ మనసు మంచిదే కావచ్చు. కానీ ఒక్క బొమ్మ దొంగదని తేలితే పక్కనున్న వంద నిజం ఫొటోల్ని కూడా అనుమానించే వీలు దొరుకుతుంది. ఈ మోసానికి ఏఐ దాకా వెళ్ళనక్కర్లేదు. బ్రెజిల్‌లో రాత్రిపూట చెదల పుట్ట మీదికి వస్తున్న యాంట్‌ఈటర్ అనే చీమలు తినే జంతువు ఫొటోకి 2017లో ఇదే వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో బహుమతి వచ్చింది. అది చర్మంలో దూది కుక్కిన బొమ్మ అని నిర్వాహకులు తేల్చి మరుసటి ఏడు బహుమతి వెనక్కి తీసుకున్నారు. పుట్ట నిజం, దాని మీద మెరిసే పురుగులు నిజం, జంతువొక్కటే అబద్ధం.

నా ఫోన్‌కి వచ్చిన ఏఐ బొమ్మల్లో ఒకటి ఇంకా దాచుకున్నాను. ఆకాశాన్నంటే చెట్లు, వాటికి తీగలు, ఆకుల మధ్య మంచు, ఎటు చూసినా పచ్చదనం. మార్చి నెలాఖరున గచ్చిబౌలి అలా ఉండదు. గడ్డి ఎండి గోధుమ రంగుకి తిరుగుతుంది. తుప్పలు ఎముకలు తేలి ఉంటాయి. మోదుగు మాత్రం ఆకుల్లేకుండా పూస్తుంది. ఆ బొమ్మ మాత్రం ఆగుంబెలా ఉంది. నన్ను అసలు కుదిపింది అదే. ‘అడవి’ అని టైపు చెయ్యగానే యంత్రానికి వాన అడవే ఎందుకు తట్టింది? మనం దానికి అవే పెట్టాం కాబట్టి. లక్షల సెలవు ఫొటోల పచ్చదనం తిని పెరిగిన కన్ను అది. ఆ కన్ను యంత్రానిదే కాదు. జనవరిలో నేను మార్కులు వేసిన కన్నూ అదే.

అడవి అనే మాటకి నిఘంటువు అర్థమే చెల్లుతుందని, భూమి ఎవరి పేర ఉన్నా ఫరవాలేదని సుప్రీంకోర్టు 1996లో గోదావర్మన్ కేసులో చెప్పింది. కంచ గచ్చిబౌలి వాదన నిలబడ్డది కూడా ఆ పునాది మీదే. నిఘంటువు పుస్తకంలో ఉంటుంది, కానీ మనలో చాలామంది ‘అడవి’ అర్థాన్ని ఫొటోల్లోంచి నేర్చుకున్నాం. తెలంగాణలో ‘కంచ’ అంటే పశువులు మేసే, వాన పడితే లేచే, ఎండకి పడుకునే బీడు. దాన్ని చూసి ‘ఖాళీగానే ఉందిగా’ అన్నవాళ్ళలో వాన అడవి కోసం ఏటా లక్ష ఖర్చుపెట్టేవాళ్ళున్నారు. వాళ్ళు అడవిని ప్రేమించని వాళ్ళు కారు. వాళ్ళు ప్రేమించిన అడవి పచ్చగా ఉంటుంది, అంతే.

ఆ ‘ఖాళీ’ పరిసరాల్లోనే 2010లో శాస్త్రానికి కొత్త సాలీడు జాతి దొరికింది. దానికి పెట్టిన పేరు మురిసియా హైదరాబాదెన్సిస్. చెట్టు బెరడుకి అతుక్కుని, వెనక రెండు పొడుగాటి నూలు గొట్టాలు తోకల్లా చాచి ఉండే కుటుంబం దానిది. బెరడు రంగే దాని రంగు. దాన్ని ఫొటో తీస్తే ఫొటోలో బెరడే కనపడుతుంది. మా గోడ మీద పెడితే ఎవరో చీటీ చదివి, ‘సాలీడు ఎక్కడుంది?’ అని అడుగుతారు. అడవి మామూలుగా మన ముందు ఉండే తీరు అదే.

మిగిలిన ఫ్రేములు

ఈ వ్యాసం మొదలుపెట్టాక ఇద్దరి దగ్గరికీ వెళ్ళాను. పోటీకి ఇవ్వని ఫొటోలు చూపించమన్నాను.

కప్ప ఫొటో తీసిన కుర్రాడు టెస్టింగ్ టీమ్. లాప్‌టాప్ తెరిచాడు. ఆ రాత్రివి మూడు వందల పైచిలుకు ఫ్రేములు. చివర్లో ఫోనుతో తీసిన ఒకటుంది. హోమ్‌స్టే వెనక సిమెంటు తొట్టి, అందులో ఎర్రటి వాన నీళ్ళు. తొట్టి మీదికి వంగిన కొమ్మకి తెల్లటి నురగ ముద్ద. దాని పక్క ఆకుల మధ్య, వెతికితే తప్ప కనపడకుండా, కప్ప. ఒక మూల నుంచి గైడు చెయ్యి చొరబడి కొమ్మని పట్టుకుంది. చేతి మీద రెండు జలగలు.

“ఇది డిలీట్ చేద్దామనుకున్నా అన్నా. చెయ్యి పడింది కదా.”

నీరు, నురగ, ఇరుకు, వాన, మేము చేసే ఆగడం అన్నీ అందులో ఉన్నాయి. వాన అడవిలో ఒక సెలవు రాత్రి ఎలా ఉంటుందో అంతా ఉంది.

అకౌంట్స్ అక్క నన్ను చూసి ముందు నవ్వింది. “మీరిచ్చిన అయిదు నాకు ఎక్కువే సార్. ఆ ఫొటో నాక్కూడా నచ్చదు. పోటీ కదా అని బిల్డింగు పడేలా పక్కకి జరిగి తీశాను.” తర్వాత ఆమె ఫోల్డర్లు చూపించింది. ఒకే గుండ్రాయి, ఆరేళ్ళ ఆదివారాలు. కొన్నిట్లో జింక, కొన్నిట్లో ముంగిస, చాలావాటిలో ఏమీ లేదు. ఏమీ లేని ఫొటోలకి కూడా తేదీ, సమయం రాసి పెట్టుకుంది. ఎందుకని అడిగాను. “ఆ రోజు రాలేదని తెలియాలి కదా” అంది.

ఇద్దరూ గోడకి ఇచ్చినవి మా జడ్జీల కోసం తీసిన ఫొటోలు. కుర్రాడు మాకు నచ్చుతుందని అడవిని తుడిచేశాడు. అక్క మాకు అర్థమవుతుందని భవనాన్ని లాక్కొచ్చింది. నాలుగు నెలలుగా నేను రెండు ఫొటోల్ని పోల్చుతున్నాననుకున్నాను. నిజానికి రెండింటిలోనూ నా మొహమే చూస్తున్నాను.

వచ్చే జనవరి పోటీ నిబంధనలు రాసే పని నాకే అప్పజెప్పారు. ఒక్క నిబంధన కొత్తగా చేర్చాను: పోటీకి ఇచ్చే ఫొటోతోపాటు, అదే కెమెరాలో దానికి ముందు తీసినదీ తర్వాత తీసినదీ కూడా దిద్దకుండా ఇవ్వాలి. మూడూ పక్కపక్కనే గోడకెక్కుతాయి. కుర్రాడికి చెబితే కాసేపు బుర్ర గోక్కున్నాడు. “అయితే గైడు చెయ్యి కూడా వస్తుందన్నా” అన్నాడు.

“రానీ” అన్నాను.